ఫ్రెంచి పల్లెకు మాక్ ఇంటర్వ్యూ

ఆ ఏడాది చలికాలమంతా మా ఇంట్లో ఒక ఫ్రెంచి పల్లెటూరు కాపురం పెట్టింది. భోజనాల బల్ల మీద దాని వాగు, సోఫా మీద దాని చర్చి, టీవీ తెర మీద ఆకాశం నుంచి తీసిన దాని పొలాలు. ఊరి పేరు చెప్పను. చెప్పినా మన నోటికి తిరగదు. అందులో సగం అక్షరాలు రాసుకోవడానికే గానీ పలకడానికి కావట.

అప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో ఫ్రెంచి తీసుకుంది. ఆ ఫ్రెంచి టీచరు ఏటా వేసవిలో ఇద్దరు పిల్లల్ని ఆ చిన్న ఊరికి పంపుతుంది. అక్కడి వాళ్ళ ఇళ్ళలో ఉండి, వాళ్ళు తిన్నది తిని, వాళ్ళ భాషలో మాట్లాడి రావాలి. ఎవరు వెళ్ళాలన్నది ఒక ప్రసంగంతో తేలుతుంది. ఆ ఊరి భూగోళం, చరిత్ర చదువుకొచ్చి ఫ్రెంచిలో చెప్పాలి. ఆ ఊరి మేయరు కూడా వీడియోలో కూర్చుని వింటుంది, ప్రశ్నలు అడుగుతుంది. మా అమ్మాయికి ఆ రెండు సీట్లలో ఒకటి కావాలి. అది సాధారణంగా ఏదీ కోరే పిల్ల కాదు. ఫోన్ కొనిపెట్టమన్నప్పుడు కూడా దాని గొంతులో అంత ఆశ నేను వినలేదు.

మేముండేది వర్జీనియాలోని షాంటిలీలో. ఈ పేరు కూడా ఫ్రాన్స్‌లో ఏదో కోట ఉన్న ఊరి నుంచి తెచ్చుకున్నదేనట. పేరు తెచ్చుకున్నారు గానీ ఇంకేమీ తెచ్చుకున్నట్టు లేదు. ఇండియన్ గ్రోసరీలో గోంగూర దొరుకుతుంది, దాని పక్కనే దోసెల హోటలు, నెత్తి మీద డల్లెస్‌లో దిగబోయే విమానాలు. మా ఊరి చరిత్ర అడిగితే మేం ఇళ్ళ ధరలు ఎలా పెరిగాయో చెప్తాం. భూగోళం అడిగితే ఆఫీసుకి ఏ దారిలో వెళ్తే ట్రాఫిక్ తక్కువో చెప్తాం. ఇన్నేళ్ళుగా ఉంటున్న ఊరి గురించి ఇంతకు మించి తెలుసుకోని మా ఆయన, ఎన్నడూ చూడని ఆ ఫ్రెంచి పల్లె సంగతి వినగానే నడుం బిగించాడు.

ఉద్యోగరీత్యా ఆయన ఆర్కిటెక్టు. ఇళ్ళు కట్టే రకం కాదు. తెర మీద డబ్బాలు గీసి వాటి మధ్య బాణాలు వేసే రకం. నేను టెస్టర్‌ని. ఆయన లాంటి వాళ్ళు కట్టినవి ఎక్కడ కూలతాయో కనిపెట్టడం నా పని. ఆ బుద్ధి ఇంటికొచ్చాక కూడా పోదు, అందుకే మా కాపురంలో వాదనలకు కొదవ లేదు.

"పిల్ల ప్రాజెక్టు పిల్లని చేసుకోనివ్వండి," అన్నాను.

"చేసుకోనీ. నేను జస్ట్ రివ్యూ చేస్తానంతే," అన్నాడు.

మా వాళ్ళ భాషలో రివ్యూ అంటే మొత్తం చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి రాయడం.

ఆయనకు కుడిభుజంగా ఒక స్నేహితుడున్నాడు. నిజామాబాద్ వైపు మనిషి, ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ల మధ్య ఉంటాడు. హైదరాబాద్ చుట్టుపక్కల ఆయనకు ప్లాట్లున్నాయి. వాటిలో కాలు పెట్టినవి తక్కువ, వాట్సాప్ వీడియోల్లో చూసుకున్నవి ఎక్కువ. మా అమ్మాయి ఆయన్ని ప్లాట్స్ అంకుల్ అని పిలిచేది. ఆయన నొచ్చుకోకపోగా బిరుదిచ్చినంత సంబరపడ్డాడు. శనివారం మధ్యాహ్నం కాగానే మా ఇంట్లో వాలిపోయేవాడు.

మొదట భూగోళం. టీవీ మీద ఊరి మ్యాపు తెరిచారు. ఒక వీధి, దానికి అడ్డంగా ఇంకో వీధి, పక్కన వాగు, చుట్టూ పొలాలు. ప్లాట్స్ అంకుల్ లేచి తెర దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏంది, ఊరంతా గింతేనా? ఇంత జాగ ఖాళీగ పెట్టుకున్నరు. హైవేకి ఎంత దూరం ఉంటది?"

"అది ఖాళీ కాదు అంకుల్. వీట్ ఫీల్డ్," అంది మా అమ్మాయి.

"ఇప్పుడు పొలమే బిడ్డా. రేపు రింగ్ రోడ్డు పడితే?"

"రోడ్ వేస్తామంటే వాళ్ళు వద్దన్నారు. ప్రొటెస్ట్ చేశారు."

ప్లాట్స్ అంకుల్ ముఖం అప్పుడు చూడాల్సిందే. తమ పొలం పక్కన రోడ్డు వద్దనే మనుషులు ఈ భూమ్మీద ఉంటారని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆ తర్వాత కాసేపు ఆ ఊరి మీద ఆయనకు గౌరవం పూర్తిగా పోయింది.

చరిత్ర దగ్గర ఇంకా పెద్ద చిక్కొచ్చింది. ఆ ఊళ్ళో చెప్పుకోదగ్గదేదీ జరగలేదు. రాజులు రాలేదు, యుద్ధం జరగలేదు, ఎవరూ ఏమీ కనిపెట్టలేదు. ఒక పాత చర్చి ఉంది. ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కోవడానికి వాగు ఒడ్డున పెంకుల కప్పు వేసిన రేవుంది. ఎక్కడో జరిగిన యుద్ధంలో పోయిన కుర్రాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఉంది, దాని మీద ఒకే ఇంటిపేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ద్రాక్షతోటలుండేవట, తెగులొచ్చి పోయాయి. రైలు ఆగేదట, ఇప్పుడు ఆగదు. బడి ఉండేదట, పిల్లలు తగ్గితే పక్కూరి బడిలో కలిపేశారు.

"ఫేమస్ పర్సన్ ఒక్కడూ లేడా? స్లైడ్ ఖాళీగా ఉండిపోతుంది," అన్నాడు మా ఆయన తల పట్టుకుని.

"దే ఆర్ ఫార్మర్స్, డాడీ."

"సరే, రైతులే. వాళ్ళ పిల్లలు? ఎక్కడ సెటిలయ్యారు?"

"అక్కడే."

"అక్కడేనా!"

ఆయన గొంతులో నిజమైన జాలి పలికింది. ఊరన్నాక కనీసం ఒక కలెక్టరు, ఒక ఎన్నారై, సినిమాల్లో పోలీసు వేషాలేసేవాడొకడూ అందులోంచి బయటపడి ఉండాలి. పుట్టిన చోటే ఉండి, అక్కడే ముసలివాళ్ళై, అదే చర్చి వెనక మట్టిలో కలిసిపోవడం అంటే మా ఆయన దృష్టిలో ఇంటర్ తప్పినట్టు.

ఆయన ఊరుకోలేదు. కంప్యూటర్‌ని అడిగి స్లైడ్లు చేయించాడు. ఊరికి స్వాట్ ఎనాలిసిస్ కట్టాడు. బలాలు: ప్రశాంతత. బలహీనతలు: జనం లేరు. అవకాశాలు: జనం లేరు. ప్రమాదాలు: జనం లేరు. చివర్లో ఊరు బాగుపడ్డానికి రోడ్‌మ్యాపు కూడా పెట్టాడు, అందులో వాగు ఒడ్డున రిసార్టులు వేశాడు. మా అమ్మాయి అన్నీ చూసి "నైస్, డాడీ" అంది. అది ఆ మాట అన్న తీరు నాకు తెలుసు. నేను చేసిన ఓట్స్ ఉప్మా తిన్నప్పుడు కూడా అలాగే అంటుంది.

మేయరు అనగానే మా ఆయన మెడలో గొలుసులు, వెనక కార్ల వరస ఊహించుకున్నాడు. అమ్మాయి ఆవిడ ఫోటో వెతికి చూపించింది. యాభై దాటినావిడ, రబ్బరు బూట్లు, పక్కన ఆవులు. పొద్దునపూట పాలు పితుక్కుని, వారంలో కొన్ని పూటలు ఆఫీసులో కూర్చుంటుందట.

"సర్పంచ్!" అన్నారు ఇద్దరు మగాళ్ళూ ఒకేసారి. అప్పట్నుంచి మా ఇంట్లో ఆవిడ సర్పంచ్‌గారే.

స్లైడ్లు అయ్యాక ప్రశ్నల సంగతి వచ్చింది. సర్పంచ్‌గారు ఏం అడుగుతుంది? ముక్కూమొహం తెలియని ఆఫీసరు ఎదురుగా కూర్చుని, నాలుగు ప్రశ్నలడిగి, ఒక దేశానికి వెళ్ళనివ్వాలో వద్దో తేల్చేయడం మా వాళ్ళందరికీ ఒకే చోట అనుభవం, కాన్సులేట్ కిటికీ దగ్గర. అందుకని ఆ ఇద్దరూ కలిసి మా అమ్మాయికి అచ్చం వీసా ఇంటర్వ్యూ ట్రైనింగే మొదలుపెట్టారు. మా వంటింటి కౌంటరు కాన్సులేట్ కిటికీ అయింది. అటువైపు ఎత్తు స్టూలెక్కి ప్లాట్స్ అంకుల్, ఇటువైపు ఫైలు పట్టుకుని మా అమ్మాయి. దాన్ని కూర్చోనివ్వలేదు, కిటికీ ముందు కుర్చీ ఉండదు కాబట్టి.

"పర్పస్ ఆఫ్ విజిట్?" అన్నాడు ప్లాట్స్ అంకుల్, గొంతు మార్చి.

"ఐ వాంట్ టు సీ ద విలేజ్. అక్కడ స్ట్రీమ్ దగ్గర ఒక ఓల్డ్..."

"ఆగాగు. వాగు సంగతి ఆమె అడిగిందా?"

"నో."

"మరెందుకు చెప్తున్నవ్ బిడ్డా? ఎక్స్‌ట్రా ముచ్చట చెప్తే ఎక్స్‌ట్రా క్వశ్చన్ వస్తది. అడిగిందానికే జవాబు. మల్ల మొదటి నుంచి."

మా ఆయన అందుకున్నాడు. "ఊరు బాగా నచ్చిందని మాత్రం అనకమ్మా. ఉండిపోతావేమోనని డౌటొస్తుంది. తిరిగొచ్చేస్తానని చెప్పాలి. ఇక్కడ ఇల్లుంది, స్కూలుంది, ఫ్రెండ్సున్నారు అని చెప్పు. టైస్ చూపించాలి."

"డాడీ, షి హ్యాజ్ కౌస్."

"ఆవులున్నా ఆఫీసరు ఆఫీసరే."

పొయ్యి దగ్గర నుంచి నేను ఉండబట్టలేకపోయాను. "ఏవండీ, పిల్లకి అక్కడికి వెళ్ళాలనుందన్న సంగతి ఆవిడకి తెలియాలా, తెలియకూడదా?"

"నీకు అర్థం కాదులే. నీ వీసా మొదటిసారే అప్రూవయింది," అన్నాడు.

ఆయనది మొదటిసారి కాలేదు. ఆ రోజు ఎక్కువ మాట్లాడడం వల్లే తిప్పి పంపారని ఆయన నమ్మకం. నాకు కోపం వచ్చినా ఆ మాటతో కొంచెం తగ్గింది. ఇన్నేళ్ళయినా ఆయన మనసులో ఆ కుర్రాడు ఇంకా కిటికీ ముందు ఫైలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. అది నాకు కనిపించింది.

అలా కొన్ని శనివారాలు గడిచాయి. నవ్వాలి, కానీ పళ్ళు కనిపించకూడదు. కళ్ళలోకి చూడాలి, కానీ గుచ్చి చూడకూడదు. మధ్యలో భోజనాలు. ఆ భోజనాల దగ్గర ఎప్పుడూ ఉండే కబుర్లే. మాకు తెలిసిన ఒక కుటుంబం పెళ్ళికని ఇండియా వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది. వీసా స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంటు ఇచ్చారు, మళ్ళీ జరిపారు, మళ్ళీ జరిపారు. వాళ్ళమ్మాయి మా అమ్మాయి క్లాసే. ఇక్కడ స్కూల్లో దాని లాకరు అలాగే ఉంది, అది మాత్రం హైదరాబాద్‌లో వాళ్ళ మేనత్త ఇంట్లో ఉంది. తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ఇక్కడ ఉండడానికి మాకు కాగితముంది. బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావాలంటే మాత్రం పాస్‌పోర్టులో కాన్సులేట్ వేసే ముద్ర చెల్లుబాటులో ఉండాలి. మా ముద్రల గడువు ఎప్పుడో అయిపోయింది. అందుకే మేం ఏళ్ళ తరబడి ఎక్కడికీ కదల్లేదు.

"నేనైతే గ్రీన్ కార్డ్ వచ్చేదాక అడుగు బయటపెట్ట," అని ప్లాట్స్ అంకుల్ బిర్యానీలో నిమ్మకాయ పిండుకున్నాడు. మా ఆయన తలూపాడు. నేనూ ఊపాను. తర్వాత చేతులు కడుక్కుని, మళ్ళీ కౌంటరు దగ్గరికి వెళ్ళి, పిల్లని ఫ్రాన్స్‌కి తయారు చేయడం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి అది ఎదురు మాట్లాడడం మానేసింది. అడిగిందానికే జవాబు చెప్పింది.

"పిల్ల లైన్ల పడ్డది వదినా," అన్నాడు ప్లాట్స్ అంకుల్ నాతో, గర్వంగా.

ప్రసంగం ఒక ఉదయం స్కూలు లైబ్రరీలో. ఫ్రాన్స్‌లో అప్పటికి మధ్యాహ్నం. మిగతా పిల్లల తల్లిదండ్రులు కాఫీ కప్పులతో వచ్చారు. మేం స్పేర్ లాప్‌టాప్, స్పేర్ చార్జరు, స్లైడ్ల ప్రింటు కాపీలతో వెళ్ళాం. తెర మీద సర్పంచ్‌గారు ఊలు స్వెట్టరేసుకుని, చెంపన చెయ్యి పెట్టుకుని కూర్చుంది. మాకు ముందు మాట్లాడిన పిల్లలు ఫ్రెంచి చీజ్ గురించీ కోటల గురించీ చెప్పారట. ఆవిడ మర్యాదగా తలూపుతూ వింది.

మా అమ్మాయి లేచింది. ఆయన చేసిన స్లైడ్లు తెరవలేదు. తెర మీద ఒకే ఒక్క బొమ్మ పెట్టింది, ఆ ఊరి వీధి. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఫైలు తప్పు తెరిచింది. చెప్పనా?"

"కూర్చోండి," అన్నాను.

నాకు ఫ్రెంచి రాదు. అయినా దారి చెప్పే మనిషి చేతులు ఎలా తిరుగుతాయో తెలుసు. కుడికి తిరిగింది, ఎడమకి తిరిగింది, వాగు వంక తిరిగే చోట మణికట్టు తిప్పింది. బట్టల రేవు దగ్గర వంగి చూపించింది. యుద్ధపు రాయి దగ్గరకొచ్చేసరికి ఆ పేర్లు ఒక్కొక్కటీ చూడకుండా చదివింది. ఇంటర్నెట్‌లో ఆ వీధి బొమ్మల్లో తిరిగి తిరిగి అది ఆ ఊరిని ఇల్లిల్లూ నేర్చుకుంది. ఒక బొమ్మలో తెరిచున్న రొట్టెల దుకాణం తర్వాతి బొమ్మలో ఎందుకు మూసి ఉందని ఎదురు ప్రశ్న వేసిందట. టీచరు తర్వాత చెప్పింది.

సర్పంచ్‌గారు చెంప మీద నుంచి చెయ్యి తీసేసింది. ముందుకు జరిగి కూర్చుంది. ఇద్దరూ ఏదో వాదించుకున్నారు, ఆవిడ నవ్వింది, ఇది నవ్వింది, పళ్ళన్నీ కనిపించేలా. ఆవిడ లాప్‌టాప్ అమాంతం ఎత్తుకుని కిటికీ దగ్గరికి నడిచింది. తెరంతా ఊగిపోయి, చివరికి వానలో తడుస్తున్న ఒక సన్నని వాగు, దాని పక్కన ఒక ఆవు వీపు కనిపించాయి. మా అమ్మాయి రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. పక్కన మా ఆయన ఆష్‌బర్న్‌కి మెసేజ్ కొట్టాడు: "సర్పంచ్ ఇంప్రెస్డ్."

ఆవిడ మళ్ళీ వచ్చి కూర్చుని ఇంకొక ప్రశ్న అడిగింది. అమ్మాయి నెమ్మదిగా, క్లుప్తంగా జవాబు చెప్పింది. ఆవిడ ఏదో అడిగింది, ఇది ఒక్క మాటలో చెప్పింది, ఆవిడ నవ్వింది. మళ్ళీ ఏదో అడిగింది, ఇది తలూపింది. ఇంకోటి అడిగింది. ఈసారి మా అమ్మాయి ఏమీ అనలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. టీచరు ఒకసారి మా వైపు చూసి చూపు తిప్పుకుంది.

"చూశావా, చివర్లో ఎంత షార్ట్‌గా చెప్పిందో! ట్రైనింగ్ అంటే అదీ," అన్నాడు మా ఆయన కారులో.

వారం తర్వాత మెయిలొచ్చింది. వేరే ఇద్దరు పిల్లలు వెళ్తున్నారు. మీ అమ్మాయి ప్రసంగమే అన్నిటికన్నా బాగుంది, ఏ వేసవిలో రాగలిగితే ఆ వేసవిలో ఆమె కోసం తన ఇంట్లోనే గది ఉంటుందని మేయరు చెప్పమన్నారు, అని టీచరు రాసింది.

మా ఆయన మండిపడ్డాడు. "బెస్ట్ అంట, కానీ తీసుకోరంట! ఏ వేసవిలోనైనా అంటే ఏంటర్థం? మనల్ని ఇక్కడా వెయిటింగ్‌లో పెట్టారు. గ్రీన్ కార్డ్ క్యూలో లాగా మళ్ళీ ప్రయారిటీ డేటే!"

ఆ శనివారం ప్లాట్స్ అంకుల్ వచ్చాడు. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని టీచరుకి అప్పీలు రాయడం మొదలుపెట్టారు. పాయింట్లు కావాలని అమ్మాయిని మేడ మీద నుంచి పిలిచారు.

"సర్పంచ్‌గారు చివర్లో ఏం అడిగింది? నువ్వేం చెప్పావ్? వర్డ్ టు వర్డ్ చెప్పు," అన్నాడు మా ఆయన.

"సమ్మర్‌లో వచ్చి ఫస్ట్ ఏం చూస్తావ్ అని అడిగింది," అంది మా అమ్మాయి. "నేను రాలేను అని చెప్పా."

"రాలేనేంటి?"

"మన స్టాంపింగ్ లేదు కదా డాడీ. వెళ్తే బ్యాక్ రాలేను. మా ఫ్రెండ్ లాగా స్టక్ అయిపోతా."

మా ఆయన కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు. మాకు స్టాంపింగ్ అంటే ఇండియా టికెట్‌తో వచ్చే జబ్బు. ఫ్రాన్స్ స్కూలు ట్రిప్పు గదా, దానికి ఇది తగలదన్నట్టే అందరం నడిచాం. మా ఇంట్లో వీసా తారీఖులు కంఠతా రాని మనిషి లేడు. కిటికీ ముందు పిల్లని నిలబెట్టి అన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళకి ఈ ఒక్కటి తట్టలేదు.

"మాతో చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు మా ఆయన.

"అడిగిందానికే చెప్పమన్నారు కదా," అంది. వెక్కిరింపు లేదు. నిజంగానే అలా అనుకుంది పిల్ల.

"నీకెప్పుడు తెల్సింది బిడ్డా?" అన్నాడు ప్లాట్స్ అంకుల్.

"బిర్యానీ తింటూ మీరు టాక్ చేసినప్పుడు. కానీ ఊరు సగం నేర్చుకున్నా అప్పటికే. ఆపాలనిపించలేదు."

నేను దాని దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేశాను. "రాలేనంటే ఆవిడ ఏమందే?"

"నీ ఊరు ఏది అని అడిగింది. షాంటిలీ అన్నా. ఆమె నవ్వింది, అది మాక్కూడా ఉంది కదా అంది. తర్వాత, నీ ఊర్లోంచి బయటికి వెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరా అంది. ఎస్ అన్నా. అయితే అది నీ ఊరు ఎలా అవుతుంది అని అడిగింది. మీన్‌గా కాదు, ఆమెకి నిజంగా తెలీదు. నాకు ఫ్రెంచ్‌లో ఆన్సర్ రాలేదు."

మా ఆయన లాప్‌టాప్ మూసేశాడు. ప్లాట్స్ అంకుల్ తల దించుకున్నాడు.

"అమ్మా, తెలుగులో అయితే ఏం చెప్పాలి?" అంది నా కూతురు.

అది నా ముఖంలోకే చూస్తోంది.